మీటరుకు మన ఇంటి సంగతి ఎంత తెలుసు?

(కళింగపట్నంలో జరిగిన సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, గ్రామైక్య సంఘాల ప్రతినిధుల ముందు కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిల లెక్కలు పొద్దున్నే చదివేశారు కాబట్టి వాటి జోలికి మేం వెళ్లం. ఈ ఏడాది సంఘాల సమావేశాల్లో బ్యాంకు తర్వాత ఎక్కువగా వినబడిన మాట కరెంటు మీటరు. స్మార్ట్ మీటర్లు వస్తాయట, రీచార్జి చేయకపోతే అర్ధరాత్రి ఆపేస్తారట, రేషన్ కార్డు తీసేస్తారట, ఇంట్లో మాటలు కూడా వింటాయట అని రకరకాలుగా అనుకుంటున్నారు. ఒక సంఘంలో ఒక పెద్దమ్మ అడిగింది: "మా ఇంట్లో ఏటున్నాదో, ఏటి నేదో ఆలకెందుకు? మీటరుకి యూనిట్లు లెక్కెట్టడం సాల్దా?" ఈ ప్రశ్న మాకు నచ్చింది. దీని చుట్టూనే మాట్లాడదామని వచ్చాం. మాటలు వింటుందన్న పుకారు ముందు తీసేద్దాం. మీటరులో మైకు ఉండదు. అది కొలిచేది కరెంటునే. కానీ కరెంటు కొలిచే తీరు మారితే దానికి తెలిసేది కూడా మారిపోతుంది. చూడాల్సింది అక్కడే.

పాత మీటరు నెలకొక్కసారే మాట్లాడుతుంది. రీడింగు తీసేవాళ్లు వస్తారు, మిషను పెడతారు, చీటీ ఇస్తారు. పోయిన నెల ఇంత, ఈ నెల ఇంత, మధ్యలో వాడింది 92 యూనిట్లు. ఆ 92 ఏ రోజు ఎంత, ఏ పూట ఎంత అన్నది ఎవరికీ తెలీదు. స్మార్ట్ మీటరు అరగంటకో పావుగంటకో ఒక అంకె రాసుకుంటుంది. అరగంటకొకటి చొప్పున లెక్కేసినా రోజుకు 48, నెలకు 1440 అంకెలు. సిమ్ కార్డు ద్వారా గానీ, పక్క మీటర్లతో రేడియో సంకేతాల ద్వారా గానీ వాటిని దూరంగా ఉన్న కంప్యూటరుకు పంపిస్తుంది. అక్కణ్ణుంచి ఆజ్ఞ వస్తే ఇక్కడ కరెంటు ఆపగలదు, మళ్లీ ఇవ్వగలదు. మన దేశంలో ఈ మీటరు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 16444; అది 2015లో వచ్చింది. 2021లో కేంద్రం తెచ్చిన పంపిణీ రంగ సంస్కరణల పథకం దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని లక్ష్యం పెట్టుకుంది.

నెలకొక అంకె ఉన్న చోట 1440 అంకెలు ఉంటే ఏం తెలుస్తుంది? మన ఊరి ఇల్లొకటి తీసుకుని చూద్దాం. లెక్క సులువే. వెయ్యి వాట్ల సామాను గంట నడిస్తే ఒక యూనిట్. పాత రకం ఫ్యాను 75 వాట్లు. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి సగటున ఓ 50 వాట్లు అనుకుందాం. రాత్రి పదింటికి అందరూ పడుకున్నాక రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ అంటే 200 వాట్లు. అరగంటకు 0.1 యూనిట్. పది నుంచి తెల్లారగట్ల నాలుగు దాకా పన్నెండు గడుల్లో 0.1, 0.1, 0.1 అని సమంగా సాగుతుంది. నాలుగింటికి ఆ గీత కొద్దిగా లేస్తే ఇల్లాలు లేచిందన్నమాట. ఐదున్నరకు పావు యూనిట్ దాకా ఎగిరిందంటే అర్ధ హెచ్.పి. మోటారు వేసి ట్యాంకు నింపారు. ఏడింటికి ఒక్క అరగంట ముప్పావు యూనిట్ పడిందంటే గ్యాసు అయిపోయి 1500 వాట్ల ఇండక్షన్ పొయ్యి మీద వండుతున్నారు.

ఇప్పుడు ఇంకొక ఇంట్లో కూడా అరగంటకు ముప్పావు యూనిట్టే పడింది. కాకపోతే రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా కొద్దిగా తగ్గుతూ పెరుగుతూ సాగింది, అదీ ఏప్రిల్, మే నెలల్లోనే. దాన్ని పొయ్యి అని ఎవరంటారు? అది ఏసీ. మూడో ఇంట్లో సాయంత్రం బండి వచ్చాక మొదలై, మూడు నాలుగు గంటలు ఒకే ఎత్తున నడిచి, టక్కున ఆగిపోతోంది. అది బ్యాటరీ స్కూటరు చార్జింగు. అంకె ఎంత అన్నదాని కంటే గీత ఆకారం, సమయం, రుతువు కలిపి చూస్తే సామాను పేరు తేలిపోతుంది. పైన సోలార్ పలకలు ఉన్న ఇల్లయితే ఇంకా తేలిక; ఎండ మండే వేళ ఆ ఇల్లు లైను నుంచి తీసుకునే కరెంటు పడిపోతుంది.

మన తీరంలో ఇంకొకటి కూడా తెలుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో మగవాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు. పగటిపూట ఫ్యాను, టీవీ నడుస్తాయి. జూన్ 15 నుంచి పగటి వాడకం పడిపోతుంది. వేరావల్ పడవల మీదకు వలస వెళ్లే కుటుంబాల్లో రాత్రి ఒక్క ఫ్యానే తిరుగుతుంది. ఇల్లంతా వలస వెళ్తే ఫ్రిజ్ కూడా ఉండదు, గీత నేల మీద పడుకుంటుంది. అంటే ఏ ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంది, ఏ ఇల్లు తాళం వేసి ఉంది అన్నది ఆ కాగితం చూసినవాడికి ఊళ్లోకి రాకుండానే తెలుస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక చెల్లి అన్నమాట: "అయితే మీటరు కాదప్పా, ఊరి కబుర్లన్నీ మోసే మనిసి."

ఈ విద్య ఇవాళ్టిది కాదు. 1980లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జార్జ్ హార్ట్ అనే శాస్త్రవేత్త, ఇంటి బయట మీటరు దగ్గర మాత్రమే కరెంటు కొలుస్తూ లోపల ఏ సామాను ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఆపారో చెప్పే పద్ధతి కనిపెట్టాడు. ఒక్కో సామాను వేసినప్పుడు వాడకం ఒక మెట్టు ఎక్కుతుంది, ఆపినప్పుడు అదే మెట్టు దిగుతుంది. ఆ మెట్ల ఎత్తులే సామాన్ల పేర్లు. ఆయనే 1989లో, దీంతో ఇళ్ల మీద నిఘా పెట్టే ప్రమాదం ఉందని వ్యాసం కూడా రాశాడు. కనిపెట్టినవాడే ముందుగా హెచ్చరించడం అరుదు, అందుకే ఆ పేరు ఇక్కడ చెబుతున్నాం. తర్వాత జర్మనీలో కొందరు పరిశోధకులు రెండు సెకండ్లకొకసారి తీసిన అంకెలతో, టీవీలో ఏ సినిమా నడుస్తోందో కూడా గుర్తించవచ్చని చూపించారు. తెర మీద వెలుగు, చీకటి మారినప్పుడల్లా కరెంటు కాస్త పెరిగి తగ్గుతుంది కదా.

అయితే మనం భయాన్ని కూడా కొలిచే పట్టుకోవాలి. రెండు సెకండ్ల అంకెలు వేరు, అరగంట అంకెలు వేరు. అరగంట లెక్కలో మిక్సీ రెండు నిమిషాలు తిప్పినది కనబడదు. ఫ్రిజ్ ఆగడం, నడవడం కలిసిపోతాయి. ఏ సీరియల్ చూశామన్నది అసలే తెలీదు. ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి, మోటారు, స్కూటరు చార్జింగు, పెద్ద ఫ్రీజరు లాంటి బరువైన సామాన్లే తెలుస్తాయి. ఇంకా ఇంట్లో ఎప్పుడు మనుషులున్నారు, ఎప్పుడు లేరు అన్నది తెలుస్తుంది. మా దృష్టిలో అసలు కీలకం ఈ రెండోదే.

ఈ లెక్క ఎవరికి కావాలి? బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల కరెంటు తీగ ఒకరిది, కరెంటు అమ్మేవాడు ఇంకొకడు. ఫోన్ కంపెనీ మార్చినట్టు అమ్మే కంపెనీని మార్చుకోవచ్చు. కాబట్టి ఆ కంపెనీలు మీటరు అంకెలు చూసి, ఈ ఇంట్లో కరెంటు కారు ఉంది, ఆ ఇంట్లో సోలార్ ఉంది, ఫలానా ఇంట్లో పాత హీటరు ఉంది అని పోల్చుకుని, దానికి తగ్గ ధర, దానికి తగ్గ సామాను అమ్మజూపుతాయి. రాత్రిపూట కారు చార్జి చేసుకుంటే తక్కువ ధర ఇస్తామంటాయి. కొనేవాడికి లాభం ఉన్న మాట నిజమే. తన ఇంటి గుట్టు ఇచ్చి ఆ లాభం కొనుక్కుంటున్నాడన్నదీ నిజమే.

మన దగ్గర అమ్మేవాళ్లు మారరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ నుంచి గోదావరి జిల్లాల దాకా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఒక్కటే. తీగా దానిదే, బిల్లూ దానిదే. ఆ సంస్థకు ఈ అంకెలతో అక్కరలు ఉన్నాయి, వాటిలో మనకు మేలు చేసేవీ ఉన్నాయి. ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఏ వేళ బరువు పడుతోందో తెలిస్తే కాలిపోకముందే పెద్దది వేయొచ్చు. ట్రాన్స్‌ఫార్మరు పంపింది ఇంత, ఇళ్ల మీటర్లలో తేలింది ఇంత అని కూడితే కొక్కేలు వేసే చోటు దొరుకుతుంది. ఇక తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరు 26న మన కళింగపట్నానికి ఉత్తరాన కొద్ది దూరంలోనే తీరం దాటిన గులాబ్ మనకు తెలుసు. కరెంటు పోయినప్పుడు స్మార్ట్ మీటరు చివరి ఊపిరిలా ఒక సంకేతం పంపగలదు. ఏ వీధి చీకట్లో ఉందో ఫోన్ చేసి చెప్పే పని లేకుండా అక్కడ తెలుస్తుంది. టవర్లు కూడా పడిపోతే ఆ సంకేతం ఎక్కడికి పోతుందన్నది వేరే సంగతి.

అవే అంకెలు మన జేబు మీదకు కూడా వస్తాయి. మన బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు అని ఒక అంకె ఉంటుంది, చాలామందికి ఒక కిలోవాట్. ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లకు రాయించుకున్నది. ఇప్పుడు పొయ్యి, మోటారు, ఇస్త్రీ పెట్టె ఒకేసారి వేస్తే మూడు కిలోవాట్లు దాటుతుంది. మీటరు ఆ గరిష్ఠాన్ని రాసుకుంటుంది. అదనపు లోడు కట్టమని నోటీసు రావడానికి ఆధారం అదే. 2023 జూన్‌లో కేంద్రం వినియోగదారుల హక్కుల నియమాల్లో తెచ్చిన సవరణ ప్రకారం, స్మార్ట్ మీటరు పెట్టిన తర్వాత అందులో కనబడిన గరిష్ఠ లోడును చూపించి, పెట్టకముందు కాలానికి జరిమానా వేయకూడదు. ఈ వాక్యం రాసిపెట్టుకోండి.

మన సంఘాలకు దీంతో ఇంకో ముడి ఉంది. మనం ఇచ్చే అప్పులతోనే చెల్లెళ్లు గ్రైండరు కొని ఇడ్లీ పిండి అమ్ముతున్నారు, ఫ్రీజరు పెట్టి చేపలు నిల్వ చేస్తున్నారు, కుట్టుమిషన్లకు మోటార్లు బిగిస్తున్నారు. ఇంటి మీటరు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తీరున బరువు కనబడితే, ఇది ఇల్లు కాదు దుకాణం, కేటగిరీ మార్చుకోండి అనే మాట రావచ్చు. అప్పు ఇచ్చేటప్పుడే ఆ సామాను నెలకు ఎన్ని యూనిట్లు తాగుతుందో, ఏ ధరకు పడుతుందో జీవనోపాధి ప్రణాళికలో రాయాలని మేం అనుకుంటున్నాం. ఇప్పటిదాకా ఆ గడే లేదు.

లెక్కలోకి రావడం వల్ల ఏమవుతుందో మన జిల్లాకు ఇప్పటికే అనుభవం ఉంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు పెట్టి, ఉచిత విద్యుత్తు డబ్బు రైతు ఖాతాలో వేసి కట్టించే పద్ధతి తెచ్చినప్పుడు, మొదట ప్రయోగం చేసింది శ్రీకాకుళం జిల్లాలోనే. సుమారు 28 వేల కనెక్షన్లు. వాడకం మూడో వంతు దాకా తగ్గిందని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. రైతు సంఘాలు ఒప్పుకోలేదు. ఇవాళ మీటరు, రేపు బిల్లు అని వాదించాయి. మేం ఆ వాదనలో తీర్పు చెప్పడానికి రాలేదు. మాకు ఆసక్తి కలిగించింది వేరు. అంతకుముందు పంపుసెట్ల వాడకం అంచనాయే. కొలవని చోట ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. కొలిచాక తగ్గిందంటే రైతు నిజంగా తక్కువ తోడాడా, పాత అంచనాయే పెద్దదా? ఒకే అంకెకు రెండు అర్థాలు ఉన్నాయి. ఏ అర్థం తీసుకోవాలో మీటరు చెప్పదు, కుర్చీలో కూర్చున్నవాళ్లు చెబుతారు.

ఇళ్ల విషయంలో ఆ కుర్చీ అర్థం ఎలా ఉంటుందో చెప్పే అంకె మనందరికీ నోటికి వచ్చు: 300 యూనిట్లు. మన రాష్ట్రంలో బియ్యం కార్డు అర్హతకు పెట్టిన షరతుల్లో పొలం, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, సర్కారు ఉద్యోగం పక్కన ఇదీ ఒకటి. నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కుటుంబం పేద కుటుంబం కాదని లెక్క. తల్లికి వందనం పథకం నిబంధనల్లోనూ ఈ షరతు ఉంది. అంటే స్మార్ట్ మీటరు రాకముందే మన మీటరు మన సంక్షేమ పథకాలతో మాట్లాడుతోంది. ఇది చాలామంది గమనించలేదు.

ఆ లెక్కలో తిరకాసు ఏమిటంటే మీటరు కొలిచేది కుటుంబాన్ని కాదు, గోడను. తండ్రి కట్టిన ఇంట్లో ముగ్గురు కొడుకులు వేరు కాపురాలు పెట్టారనుకోండి. మూడు పొయ్యిలు, మూడు బియ్యం కార్డులు, ఒకటే మీటరు. ఒక్కో కాపురం 110 యూనిట్లు వాడినా మొత్తం 330. మూడు పేద కుటుంబాలు కలిసి ఒక ధనిక కుటుంబం అయిపోతాయి. అద్దెకు ఇచ్చిన ఇంటి మీటరు ఇంకొకరి ఆధార్‌తో కలిసిపోయిన కేసులు, పేరు కూడా తెలియని సర్వీసు నంబరు తన ఖాతాలో కనబడిన కేసులు సంఘాల ద్వారా మా దాకా వచ్చాయి. ఒకామె కాగితం పట్టుకుని వచ్చి, "మా ఇంట్లో బలుబు, ఫేనే. ఇన్ని యూనిట్లు ఎవులు కాల్చీసినారు తల్లీ?" అని అడిగింది. ఆ సర్వీసు ఆమెది కాదని రుజువు చేయడానికి పూటల కొద్దీ కూలి పోయింది.

స్మార్ట్ మీటరు వస్తే ఇది బాగుపడుతుందా, చెడుతుందా? రెండూ జరగొచ్చు. ప్రతి నెలా ఒకే తేదీకి రీడింగు పడుతుంది కాబట్టి రీడింగు ఆలస్యమై యూనిట్లు పై స్లాబులోకి పోయాయన్న గొడవ తగ్గుతుంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఇళ్ల ధరల్లో మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు. 75 దగ్గర ఆగితే యూనిట్ల ఖర్చు 192 రూపాయలు; 125కి వెళ్తే 417. పైన వేసే సర్దుబాటు చార్జీలు వేరే. ఈ మెట్ల దగ్గర పది యూనిట్లు అటో ఇటో అన్నది మనకు చిన్న సంగతి కాదు. కానీ కొలత ఎంత కచ్చితమైనా, దాన్ని తప్పు కుటుంబానికి తగిలిస్తే తప్పు కూడా అంతే కచ్చితంగా పడుతుంది. ఇంకో మాట. ఇవాళ షరతు నెల మొత్తం మీద ఉంది. రేపు ఎవరైనా, అరగంట అంకెల్లో ఏసీ ఆకారం కనబడింది కాబట్టి కార్డు తీసేద్దాం అంటే ఏం చేస్తాం? అలాంటి నిబంధన ఇప్పుడు లేదు. అంకెలు పోగవుతున్నప్పుడే వేటికి వాడొచ్చో, వేటికి వాడకూడదో గీత గీయించాలి అని మా వాదన. మంచాన పడ్డ ముసలామె గదిలో పెట్టిన పాత ఏసీ కూడా గీతలో ఏసీగానే కనబడుతుంది మరి.

ఇంకొక సంగతి మీద మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. మీటరు గీతలో కనబడేది ఎక్కువ భాగం ఆడవాళ్ల పని. తెల్లారగట్ల లేవడం, నీళ్లు పట్టడం, వండటం, రుబ్బడం, ఇస్త్రీ, రాత్రి కుట్టు. మరి ఆ లెక్క ఎవరి ఫోనుకు వెళ్తుంది? మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఫోనుకు. మన ఇళ్లలో మీటర్లు మావగారి పేరునో, ఎప్పుడో పోయిన వాళ్ల మావగారి పేరునో ఉంటాయి. ఓటీపీ మొగుడి ఫోనుకు వస్తుంది, అతను వేరావల్‌లో ఉంటాడు. ప్రీపెయిడ్ పెడితే రీచార్జి డబ్బు అయిపోతోందన్న కబురు కూడా అక్కడికే పోతుంది. చీకట్లో ఉండేది ఇక్కడ మనం. ఎక్కణ్ణుంచో యాప్‌లో చూసి, "మధ్యాన్నం మూడు గంటలు ఫేనెందుకేసినావు?" అని అడిగే మగవాడు ఉండడని మేం అనుకోవడం లేదు. కంపెనీ నిఘా గురించి పత్రికలు రాస్తాయి. ఈ నిఘా గురించి ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాం.

వేళను బట్టి ధర అన్నది కూడా వస్తుంది. ఇందాకటి 2023 సవరణలోనే అది ఉంది: ఎండ ఉండే గంటల్లో మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ, గిరాకీ ఎక్కువ ఉండే గంటల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. మన రాష్ట్రంలో ధర నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. మన ఇళ్లలో చాలామందికి ఇప్పటికీ వచ్చేది స్లాబుల బిల్లే. మధ్యాహ్నం చవక అంటే మంచిదే. మోటారు, గ్రైండరు, ఇస్త్రీ ఆ వేళకు మార్చుకోవచ్చు. కానీ మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు? ఉపాధి పనికి, చేపల ఎండబెట్టుకు, జీడి తోటకు వెళ్లినామె సాయంత్రం ఆరింటికే పొయ్యి దగ్గరకు వస్తుంది. సరిగ్గా ధర పెరిగే వేళకు. ఈ మాట నియంత్రణ మండలి ధరల మీద ఏటా జరిపే బహిరంగ విచారణలో చెప్పొచ్చు. ఎవరైనా చెప్పొచ్చు, రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు. ఈసారి సమాఖ్య తరఫున పంపుదామని కార్యవర్గం అనుకుంది.

ఇక హక్కులు. బయటి దేశాల్లో జనం ఊరుకోలేదు. నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటరు తప్పనిసరి చేసే బిల్లును 2009లో వాళ్ల ఎగువసభ ఇంటి గుట్టు కారణంగా ఆపేసింది. తర్వాత వద్దనే హక్కు ఇచ్చి తెచ్చారు. అమెరికాలో నేపర్‌విల్ అనే ఊరి జనం కోర్టుకెక్కితే, పావుగంట అంకెలు సేకరించడం ఇంటిని సోదా చేయడం కిందకే వస్తుందని 2018లో అప్పీలు కోర్టు చెప్పింది. అయితే కరెంటు సరఫరా బాగుచేయడానికి చేస్తున్నారు, పోలీసు కేసుకు కాదు కాబట్టి సబబేనంది. ఆ తీర్పులో మాకు పనికొచ్చేది ఇదే. అంకెలు దేనికి వాడుతున్నారన్న దాని మీదే న్యాయం నిలబడింది.

మన దగ్గర ఇళ్లకు వినియోగదారుల అనుమతి లేకుండా స్మార్ట్ మీటర్లు పెట్టవద్దని 2025లో ఇంధన శాఖ మంత్రే చెప్పారు. దుకాణాలకు, పరిశ్రమలకు పెట్టడం సాగుతోంది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. మీటర్లు పెట్టి ఏళ్ల తరబడి నడిపే కాంట్రాక్టు ప్రైవేటు కంపెనీలది. కేంద్రం ఇచ్చే సాయం మన లాంటి రాష్ట్రాలకు మీటరు ఖర్చులో 15 శాతం, అదీ 900 రూపాయలకు మించదు. మిగతాది చివరికి ఎవరి బిల్లులోంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. డబ్బు మనది అయినప్పుడు అంకెలు ఎవరివి అని అడగడం అత్యాశ కాదు. స్మార్ట్ మీటరు అంకెలు వినియోగదారుకు చూపించాలని నియమాల్లోనే ఉంది. తెలుగులో చూపించమనండి, ఫోను లేనివాళ్లకు కాగితం మీద ఇమ్మనండి.

మీటరు ఎక్కువ తిరుగుతోందన్న అనుమానం ఉంటే ఊరికే తిట్టుకోవద్దు. 2024 ఫిబ్రవరి సవరణ ప్రకారం, రీడింగు వాడకానికి సరిపోలేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూపించాలి. ముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదు కాదు. అక్కడ తేలకపోతే విశాఖలో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు అక్కర్లేదు, కాగితం సరిగా ఉంటే చాలు. రాయడానికి వీఓఏలు సాయం చేస్తారు.

వచ్చే నెల సంఘం సమావేశానికి పొదుపు పుస్తకంతో పాటు ప్రతి సభ్యురాలూ చివరి మూడు నెలల కరెంటు బిల్లులు తేవాలి. సర్వీసు నంబరు, ఎవరి పేరున ఉంది, లోడు ఎంత, ఆ మీటరు కింద ఎన్ని పొయ్యిలు, ఎన్ని బియ్యం కార్డులు అన్నవి వీఓఏ ఒక రిజిస్టరులో రాస్తారు. గ్రామ సచివాలయంలో మన ఆధార్‌కు ఏ సర్వీసు కలిపి ఉందో అడిగి పక్కన వేస్తారు. కాపురాలు వేరై మీటరు ఒకటే ఉన్నవాళ్లు వేరే మీటరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకు డబ్బు ఇబ్బంది ఉంటే గ్రామైక్య సంఘం నుంచి చిన్న అప్పు ఇవ్వడానికి తీర్మానం చేసుకోవచ్చు. చనిపోయినవాళ్ల పేరున ఉన్న మీటర్లు ఇల్లాలి పేరుకు మార్పించే దరఖాస్తులు మేం సమాఖ్య ఆఫీసులో తెచ్చి పెట్టాం. భోజనాలయ్యాక ఎడమపక్క బల్ల దగ్గర ఇస్తారు. ఒక్కో సంఘానికి ఇరవై చొప్పున తీసుకెళ్లండి, చాలకపోతే జిరాక్సు తీయించుకోండి.